తోళ్ళ కార్ఖానా నేలలో జొన్న మొలిచింది

మునిసిపాలిటీలో ఇంజనీరు ఉద్యోగం వచ్చిందని మా వీధిలో ఉండే ఒక అమ్మాయి మొన్న స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "సర్వీసంతా నంద్యాల చుట్టుపక్కలే చేశారు కదా సార్, మీరు కట్టిన వాటిలో పెద్దది ఏది?" అని అడిగింది. కట్టిన వాటిలో చెప్పుకోదగ్గది ఏదీ లేదమ్మా, ఒక నేలను మాత్రం కడిగాను అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. ఇంటి ముందు కళ్ళాపి చల్లడం లాంటిదేదో అనుకుని ఉంటుంది. ఆమెకు ఆ పూట చెప్పిన దాన్నే కాస్త సాపు చేసి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ గోల ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకటే, చదివితే నిద్ర వస్తుంది.

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో మేము గెలిచాం. ముసలితనంలో గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటే అనుకోండి. గెలిచిన సంగతిని కూడా నసుగుతూ చెప్పడం నాకు చేతకాదు.

ఆళ్లగడ్డ సంతలో డీజిలు వంకాయలు

డెబ్బైల మొదట్లో ఆళ్లగడ్డలో పంచాయతీ పనులు చూసే సూపర్‌వైజరుగా చేరాను. కర్నూలు, కడప మధ్య పెద్దరోడ్డు మీది ఊరు కాబట్టి లారీలు ఎక్కువ. లారీ షెడ్లు ఉన్న ఒక జాగాలో ఏళ్ళ తరబడి పాత ఇంజనాయిలు పారబోశారు. షెడ్లు లేచిపోయాక ఆ జాగాను కూరగాయల సంతకు ఇద్దామని తీర్మానించారు. అప్పటి నా పై అధికారి మంచివాడే, కానీ ప్రతి జబ్బుకూ ఆయనకు తెలిసిన మందు ఒకటే. ఆ మందు గరుసు, అంటే రోడ్ల మీద పరిచే కంకరమన్ను. గుంత పడితే గరుసు, బురదైతే గరుసు, కంపు కొడితే రెండు లారీల గరుసు. నూనె తాగిన ఆ నేల మీద కూడా గరుసు పరిపించి, దిమ్మెలు కట్టించి, రిబ్బను కత్తిరించాడు.

తొలకరికి నూనె పైకి తేలింది. సంతలో వంకాయలు, టమాటాలు అన్నీ డీజిలు వాసన. కూరగాయలమ్మే ఆడవాళ్ళు గంపలతో సహా ఆఫీసుకు వచ్చి, "ఏందప్పా ఇది, కూర వండుకోవాల్నా, లారీలో పోసుకోవాల్నా?" అని నిలదీశారు. అధికారి మళ్ళీ గరుసు వేయించాడు. మళ్ళీ వాన, మళ్ళీ వాసన. చివరికి ఆయన సెలవులో ఉన్నప్పుడు నేను కూలీలను పెట్టి, మంచి మన్ను కనిపించేదాకా తవ్వించి, పాడు మన్నంతా ఊరి బయటికి తోలించాను. ఆయన వచ్చి నన్ను కడిగిపారేశాడు. ఆ తర్వాతి వానకు వాసన రాకపోయేసరికి, తానే తవ్వించానని ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను. మీరూ చెప్పుకోనివ్వండి. పై అధికారి తనదని చెప్పుకున్న పనిని ఎవరూ చెడగొట్టరు.

తవ్వడం సగం పనేనని, తవ్విన మన్ను ఎక్కడికి పోతుందన్నది మిగతా సగమని మాత్రం నాకు అప్పటికి తెలియదు. అది నంద్యాలలో తెలిసింది.

ప్రహరీ లోపల

ఎనభైల మొదట్లో నంద్యాల మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఊరి అంచున మూతపడిన తోళ్ళ కార్ఖానా ఒకటి ఉండేది. కూలిన రేకుల షెడ్లు, ముళ్ళ చిల్లచెట్లు, ఒక పాడుబావి, చుట్టూ ప్రహరీ. ఆ జాగా మునిసిపాలిటీ చేతికి వచ్చింది. కుందూ ఏటి ఒడ్డున గుడిసెల్లో ఉండే కుటుంబాలకు దాన్ని ఇళ్ళ స్థలాలుగా పంచాలని నిర్ణయమైంది. వాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు. జిన్నింగు మిల్లుల్లోనూ పొలాల్లోనూ కూలికి పోయేవాళ్ళు, మిషన్ బడిలో చిన్న పంతుళ్ళు, ఆయాలు. వానాకాలంలో ఏరు పొంగినప్పుడల్లా గిన్నెలూ పిల్లలూ నెత్తిన పెట్టుకుని గట్టెక్కడమే వాళ్ళ బతుకు.

వాళ్ళందరి తరఫున మాట్లాడే మనిషి సువార్తమ్మ. మిల్లులో పత్తి ఏరే పని. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. నోరు తెరిస్తే కమిషనరు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు.

ఆ జాగాలో నేను గుంతలు తీయించి చూశాను. పైన బూడిదరంగు మన్ను, అందులో వెంట్రుకలు, తోలు ముక్కలు. ఇంకా కిందికి పోతే పచ్చా నీలం కలిసిన ముద్ద. తోళ్ళ మీది వెంట్రుకలు ఊడడానికి సున్నం, ఘాటైన మందులు, చెడిపోకుండా ఉప్పు, పదును చేయడానికి క్రోమియం, అన్నీ ఆ నేలలోనే ఇంకాయి. బావి నీళ్ళు నాలుకకు తగిలితే చేదు. ఈ మన్ను తీయకుండా ఇళ్ళు కట్టనివ్వకూడదని కమిషనర్‌కు చెప్పాను.

ఆయన చురుకైనవాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయని ఛైర్మన్ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. అంతా విని, "రెండడుగుల గరుసు పరిచి పట్టాలు ఇచ్చేద్దామయ్యా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆళ్లగడ్డలో వదిలించుకున్న గరుసు నంద్యాల దాకా నా వెంట వచ్చింది. బతిమాలగా బతిమాలగా పైమన్ను ఎత్తివేయడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

బయటికి వస్తే వరండాలో సువార్తమ్మ. "నువ్వేనా సారూ పట్టాలు ఆపుతాండేది? వానలు వస్తాండాయి. ఏరు మీ ఇంట్లోకి వస్తే తెలుస్తాది మీకు" అంది. నేల బాగాలేదమ్మా అన్నాను. "ఏటిలో కొట్టుకపొయ్యే నేల కన్నా బాగుండాదిలే" అని కొంగు దులిపి వెళ్ళిపోయింది. తప్పు ఆమెది కాదు. ఏరు ఆమె కంటికి కనిపిస్తుంది, క్రోమియం కనిపించదు.

పాటిమన్ను

మా వైపు రైతులకు ఒక అలవాటు ఉంది. పాడుపడిన పాత ఊళ్ళ దిబ్బల మన్నును పాటిమన్ను అంటారు. తరాల పేడ, బూడిద, ఎముకలు కలిసిన మన్ను కాబట్టి చేనికి మంచి బలం. ఎండాకాలం పనుల్లేని రోజుల్లో బండ్లు కట్టి, పోటీపడి తోలుకుంటారు.

మా కాంట్రాక్టరు తెలివైనవాడు, కాస్త ఎక్కువ తెలివైనవాడు. తీసిన మన్నును దూరంగా నేను చూపించిన బంజరుకు లారీల్లో తోలాలి, ఆ లారీల ఖర్చు మిగుల్చుకోవాలని చూశాడు. నేను నమూనాలు పట్టుకుని కర్నూలు పోయిన సమయంలో, పాత ప్రహరీ పక్కన పాటిమన్ను పోసి ఉందని, ఎవరైనా తోలుకోవచ్చని రైతుల చెవిన వేశాడు. వాళ్ళు వచ్చి చూశారు. బూడిదరంగు, ఏళ్ళ నాటి మన్ను, పైగా బొచ్చు. రైతు కంటికి అంతకంటే ఏం కావాలి? శిరివెళ్ల, బండి ఆత్మకూరు వైపు నుంచి బండ్లు బారులు తీరాయి. నేను తిరిగి వచ్చేసరికి కుప్ప మాయమైంది. కమిషనర్ నా భుజం తట్టి, "చూశావా, పని ఎంత వేగంగా అయిందో!" అన్నాడు.

శిరివెళ్ల బస్సెక్కాను. అందరికంటే ఎక్కువ బండ్లు తోలుకున్న రైతు ఓబుళరెడ్డి. పెద్ద కమతం, తాతల నాటి ఇల్లు, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు. చేని గట్టు మీద నిలబడి మీసం దువ్వుకుంటూ, "ఇది మామూలు పాటిమన్ను గాదు సారూ, బొచ్చుండాది దీంట్లో. బొచ్చుంటే బలం" అని నాకే పాఠం చెప్పాడు.

"రెడ్డీ, అది విషమప్పా. చేను పాడైపోతాది" అన్నాను.

"మా తాత నుంచి తోలుతాండాం మేము. నువ్వు రోడ్లేసుకో పో" అన్నాడు.

నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. పశువుల మేతకని ఒక మడిలో జొన్న చల్లి, బావి నీళ్ళు పెట్టాడు కూడా.

కమిషనర్ బల్ల మీద

కొద్ది రోజులకు, గరుసు పరిచే విషయం మాట్లాడదామని కమిషనర్ నన్ను పిలిచాడు. సువార్తమ్మ కూడా కొందరు ఆడవాళ్ళను వెంటేసుకుని, పట్టాల తేదీ తేల్చుకోకుండా కదలనని ఆ గదిలోనే కూర్చుంది. అప్పుడు తలుపు తోసుకుని ఓబుళరెడ్డి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. తువాలు మూట విప్పి మన్నంతా బల్ల మీద కుమ్మరించాడు. మన్నులో జొన్న మొలకలు. ఆకులు కొసల్లో మాడి, వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, చేత్తో నలిపితే పొడి అయిపోతున్నాయి.

"మీ మన్ను మీకే తెచ్చినా. యాడ పెట్టుకుంటారో పెట్టుకోండి. మడి మడంతా ఇట్లనే ఉండాది" అన్నాడు.

సువార్తమ్మ లేచి దగ్గరికి వచ్చింది. "ఇది యాడి మన్ను?" అని నన్ను అడిగింది.

"మీకు ఇయ్యబోయే జాగాలోదేనమ్మా" అన్నాను.

ఒక మొలక తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కమిషనర్ వైపు తిరిగింది. "జొన్నే బతకలే సారూ దీంట్లో. మా పిల్లోళ్ళు దీంట్లోనే గదా ఆడుకునేది. పైన గరుసేస్తే బావి యాడ తవ్వుకోవాల మేము, గరుసులోనా?"

కమిషనర్ బల్ల మీది మన్నునే చూస్తున్నాడు. ఆమె తన వెంట వచ్చిన ఆడవాళ్ళతో ఏదో మాట్లాడి, "ఈ ఏడు మాకు పట్టాలు ఒద్దు. బాగు చేసి ఇయ్యండి. కానీ ఇంజనీరప్పా, బాగైందని నువ్వు చెప్తే చాలదు, మాకు కనపడాల" అంది.

ఆ మాటకు ఏమి మూల్యం చెల్లించారో నేను చూశాను. ఆ వానాకాలం కుందూ మళ్ళీ గుడిసెల్లోకి వచ్చింది. చాలా కుటుంబాలు మిషన్ బడి వరండాల్లో తలదాచుకున్నాయి. నేను అక్కడికి పోయినప్పుడు ఒక్కరు కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కమిషనర్‌ను కూడా మెచ్చుకోవాలి. తన మాట తప్పని తెలిసిన రోజే మార్చుకున్నాడు, ఛైర్మన్‌ను తానే ఒప్పించాడు. తప్పు చేయని అధికారి కోసం వెతక్కండి, దొరకడు. బల్ల మీద పడ్డ మన్నును చూసే అధికారి దొరికితే చాలు.

నేలను కడగడం

ముందు బయటికి పోయిన మన్నును వెనక్కి తేవాలి. నేను పోయి అడిగితే ఏ రైతూ ఇచ్చేవాడు కాదు. ఓబుళరెడ్డి తానే ఊరూరా తిరిగి, "నా మడి చూడండ్రా, తర్వాత మీ ఇష్టం" అని చెప్పాడు. చూసిన వాళ్ళందరూ వెంటనే బండ్లు కట్టారు. ఆ మన్నును, కార్ఖానాలో అడుగున తవ్వితీసిన పచ్చముద్దను, బావులకు దూరంగా ఎత్తున ఉన్న బంజరులో గుంతలోకి చేర్చాం. ఆ గుంతకు అడుగునా పక్కలా నల్లరేగడి బంకమన్ను మందంగా వేసి, ఎనుములతో, అంటే బర్రెలతో, తొక్కించాం. పైన కూడా అదే బంకమన్ను కప్పాం. మీరు ఇప్పుడు ప్లాస్టిక్ పరదాలు వేస్తారు. మాకు ఎనుములు దొరికాయి.

ఇక మిగిలింది ఉప్పు. చౌడుభూమిని రైతులు ఎలా బాగు చేస్తారో అలాగే చేద్దామనుకున్నాను. జిప్సం చల్లి, మళ్ళు కట్టి, కర్నూలు-కడప కాలువ నీళ్ళు నిలగట్టి, ఉప్పును కిందికి దించాలి. దిగిన ఉప్పునీళ్ళు ఏట్లో కలవకుండా రాతి ముక్కలతో నింపిన కాలువల గుండా ఒక మడుగులోకి పోయి ఎండాలి. రాతి ముక్కలకు నేను నేరుగా ఆళ్లగడ్డకు పోయాను. అక్కడ శిల్పుల షెడ్ల వెనక చెక్కగా రాలిన రాయి గుట్టలుగా పడి ఉంటుంది. నాకు పాత పరిచయమున్న పెద్దాచారిని అడిగాను. ఎందుకు అన్నాడు. తోళ్ళ కార్ఖానా నేలలో వేయడానికని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దేవుళ్ళను చెక్కిన రాయి కదా. చివరికి చెప్పేశాను.

ఆయన ఉలి కింద పెట్టి నవ్వాడు. "దేవుడయ్యేది మిగిల్న రాయప్పా. రాలింది వట్టి రాయే. దారికి అడ్డంగా ఉండాది, ఎంత గావాల్నో తోలుకోపో."

నీళ్ళు పెట్టడం, ఎండబెట్టడం, మళ్ళీ పెట్టడం. మడుగులో తెల్లగా అట్టుకట్టిన ఉప్పును గీకి బంజరు గుంతలోకే పంపాం. తర్వాత పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, ఎదిగాక నేలలోకే దున్నించాం. తోళ్ళ కార్ఖానాలో పచ్చగా పైరు ఊగుతుంటే చూడడానికి జనం వచ్చేవారు. కర్నూలు ల్యాబు నుంచి మన్ను ఫలితాలు కూడా బాగున్నాయని వచ్చాయి. నేను మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాను.

ముంతలు

కనపడాల అని సువార్తమ్మ అన్న మాట నేను మర్చిపోలేదు. స్థలాలు చీట్లు వేసి ఎవరిది ఏదో తేల్చాక, ప్రతి కుటుంబాన్నీ తమ స్థలంలోని మన్నును ఒక ముంతలో తీసుకుపోయి, జొన్నలు చల్లుకోమన్నాను. మొలిచి పచ్చగా నిలిస్తే ముంతతో వచ్చి పట్టా తీసుకోవచ్చు. ల్యాబు చెప్పేది ల్యాబు చెప్తుంది, ఉప్పూ సున్నమూ మిగిలి ఉంటే జొన్న చెప్పేస్తుంది. ఛైర్మన్ ముక్కున వేలేసుకున్నాడు. కమిషనర్ మాత్రం కానివ్వమన్నాడు.

పట్టాల రోజున జనం ముంతలు చేతబట్టుకుని వచ్చారు. పెళ్ళివారిలా ఉన్నారు. కొందరు ముంతలకు సున్నపు బొట్లు పెట్టారు, ఒకాయన ముంత మీద శిలువ గీశాడు. కంటికి కనిపించిన ముంతలన్నింట్లోనూ బెత్తెడు ఎత్తు పచ్చటి జొన్న. ఎప్పుడూ ముందుండే సువార్తమ్మ ఆ రోజు చివరన నిలబడింది. ఆమె ముంతలో వట్టి మన్ను.

"నాది మొలవలే" అంది.

ఎవరికీ తెలియకుండా పక్కవాళ్ళ మన్ను కలుపుకుని ఉంటే ఆమెకు ఆ పూటే పట్టా వచ్చేది. ఆమె పక్క స్థలాల వాళ్ళవి కూడా సరిగా మొలవలేదు. వాళ్ళు మొహమాటపడి దాచుకున్నారు, ఆమె ధైర్యం చూసి బయటపెట్టారు. ఆ వరస వదిలేసి మిగతావి పంచేద్దామని ఛైర్మన్ అన్నాడు. అప్పటికే వానలు దగ్గర పడ్డాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజు ఆ వరస కింద తవ్విస్తే, పాత గోడ పునాది కింద పూడ్చేసిన సున్నపు తొట్టి ఒకటి బయటపడింది. మా గుంతలకు అది అందలేదు, కార్ఖానా పాత పనివాళ్ళకు కూడా గుర్తు లేదు. ముంత దాన్ని పట్టించింది.

స్థలాలు వచ్చినవాళ్ళు తమ ఇళ్ళు మొదలుపెట్టకుండా ఆ వరసకు వచ్చి పారలు పట్టారు. నేను పిలవలేదు. తొట్టి మొత్తం పెళ్ళగించి, మంచి మన్ను నింపి, మళ్ళీ నీళ్ళు పెట్టాం. రెండోసారి సువార్తమ్మ తన ముంతను నా బల్ల మీద దించినప్పుడు, ఆ జొన్న ఆకులు నా ముక్కుకు తగిలాయి. ఆనందంతో నేను లేచి నిలబడ్డాను. ఆఫీసులో గుమాస్తాలందరూ లేచి నిలబడ్డారు, ఎందుకో వాళ్ళకు తెలియకపోయినా.

బావి

కొట్టాలు లేచాయి, తర్వాత గోడలు లేచాయి. పాడుబావిని పూడిక తీసి, మళ్ళీ మళ్ళీ తోడించి, ఒరలు దింపాం. అయినా ఒక భయం నన్ను వదల్లేదు. వానలకు భూమిలో నీరు పైకి ఎక్కుతుంది. మాకు తెలియని తొట్టి ఇంకొకటి ఎక్కడైనా ఉంటే, అది ముందు బావిలోనే తేలుతుంది. అంతవరకు తాగే నీళ్ళు ట్యాంకరుతో పంపించేవాళ్ళం.

ఆ వానాకాలం కుందూ పొంగింది. పాత గుడిసెలున్న చోట నీళ్ళు మొలలోతున పారాయి. అక్కడ ఒక్క ప్రాణి లేదు. అందరూ కాలనీలో ఉన్నారు, పొయ్యిల్లో మంటలు వెలుగుతున్నాయి. బావి నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబుకు పంపాను. బాగున్నాయి, తాగవచ్చు అని జవాబు వచ్చింది. ఆ కబురు నేనే చెప్పాలని సైకిలెక్కి పోయాను.

బావి చుట్టూ ఆడవాళ్ళు ఉన్నారు. నీళ్ళు మంచివని తేలిందమ్మా అని చెప్పాను. ఎవరూ బిందె ముంచలేదు. సువార్తమ్మ చేదతో నీళ్ళు తోడి, చెంబు నింపి నా చేతికి ఇచ్చింది.

"నువ్వు తాగు ముందు" అంది.

అందరూ నా గొంతు వైపే చూస్తున్నారు. ఎత్తిపెట్టి తాగాను. చేదు లేదు, ఉప్పు లేదు. చల్లటి మంచినీళ్ళు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది దాచుకోవడానికి చెంబు ఇంకా కాసేపు అలాగే ఎత్తి పట్టుకున్నాను.

"ఎట్లుండాయి సారూ?" అని అడిగింది.

"ఇంకో చెంబు పొయ్యమ్మా" అన్నాను.

బావి దగ్గర నవ్వులు చెలరేగాయి. రెండో చెంబు కూడా తాగాను. ఇంకా ఏదో మాట్లాడదామని, నేల గురించీ వాళ్ళ ఓపిక గురించీ నాలుగు మంచి మాటలు చెబుదామని గొంతు సవరించుకున్నాను. సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంగ పో సారూ. బిందెలు వరసలో ఉండాయి, నువ్వు అడ్డం నిల్చుకోనుండావు."

నా సర్వీసులో నన్ను అంతకంటే గొప్పగా ఎవరూ మెచ్చుకోలేదు. పక్కకు జరిగాను. ఆమె చేదను బావిలోకి వదిలింది.